పులికి రాసిన ఇల్లు

ఫిబ్రవరి 2, 1986

మా ముసలాయన్ని, చెక్‌ని, ఆసుపత్రిలో చేర్చి నాలుగు రోజులైంది. ఇవాళ మంచం పక్కన కుర్చీ వేసుకోబోతే కసురుకున్నాడు. ఆయన ఆఫీసులోనూ ఒకటే కుర్చీ, అది ఆయనది. నిలబడ్డవాడు తొందరగా పని తేల్చుకుని పోతాడని ఆయన సిద్ధాంతం. బ్యాంకు పెద్దమనిషిని కూడా అలాగే నిలబెట్టి మాట్లాడి పంపేవాడు. పినాంగ్‌లో సగం వంటిళ్ళలో ఆయన సోయా సాస్ సీసా ఉంటుంది, ఊళ్ళో నాలుగు హోటళ్ళున్నాయి, ఆయనకి మాత్రం రెండు జతల పైజామాలు, ఒక సైకిలు. గంటన్నర నిలబడే ఉన్నాను. కాళ్ళు పీకుతున్నాయి.

జాడీలు ఎవరు చూస్తున్నారని పదిసార్లు అడిగాడు.

"నేనే" అన్నాను.

"నువ్విక్కడుంటే అక్కడ నువ్వెలా ఉంటావ్?"

ఇంటికొచ్చేశాను.

ఫిబ్రవరి 5

మంచి ఎండ. దొడ్లో జాడీలన్నిటికీ మూతలు తీయించాను. సోయా గింజలు ఉప్పునీళ్ళలో బాగా మాగుతున్నాయి. వేలు ముంచి నాకి చూశాను, ఉప్పు సరిపోయింది.

మబ్బు పట్టలేదు. పడితే ఎవరికని అరవాలి? వాన చుక్క పడితే సాస్ పాడు, అందుకే ఉరుము వినపడితే చేతిలో పని వదిలేసి మూతలకి పరుగెత్తడం ఈ ఇంట్లో అందరికీ అలవాటు. చెక్ ఒకసారి స్నానం మధ్యలోంచి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, అది చూసి మలుపు దగ్గర మలయ్ పోలీసు సైకిలు దిగి మరీ నవ్వాడు. మోకాళ్ళు పోయాక ఈ ఆరేళ్ళూ మేడమీద కిటికీలో కూర్చునేవాడు. ఆఖరి మూత పెట్టి కిందనుంచి "చెక్, మూశాం" అని అరిచేదాన్ని. "ఆఁ" అనేవాడు. ఆ 'ఆఁ' వినపడేదాకా మేమెవరం వానలోంచి కదిలేవాళ్ళం కాదు.

ఫిబ్రవరి 9

మా చీనావాళ్ళ కొత్త సంవత్సరం. పులి సంవత్సరం, అంటే నేను పుట్టినది. నలభై ఎనిమిదేళ్ళు. ఎవరి సంవత్సరం వాళ్ళకి అచ్చిరాదంటారు.

బెంగ్ హాక్ పెళ్ళాంతో ఆసుపత్రికొచ్చాడు. "పా, ఎలా ఉంది? పా, నారింజ ఒలిచిపెట్టనా?" వాడు పా, అంటే నాన్నా, అని పిలిస్తే వార్డంతా వినపడాలి. మూడేళ్ళవాడిగా వాణ్ణి పెంచుకోడానికి తెచ్చుకున్నప్పుడు నాకు పదకొండు. తెచ్చుకున్న కొడుకు పా అన్నాడు, కన్న కూతురు చెక్ అంది.

నాకు తెలిసిందే ఎందుకు రాసుకుంటున్నానో తెలీదు. ఆయనది కోతి సంవత్సరం, నాది పులి, ఆ రెంటికీ పడదు. నేను పుట్టిన మూడో రోజున పూనకంలో ఉన్న సోదె మనిషి చెప్పాడట, ఈ పిల్ల నోట 'పా' అన్న మాట పడితే ఆ తండ్రి దక్కడని. అందుకని చెక్ అన్నాను, చిన్నాన్నా అని. అమ్మని పిన్నీ అన్నాను, అమ్మ పోయేదాకా. కాగితాల మీద వంటమనిషి తాన్ కూతుర్ని, తాన్ బీ లియన్‌ని. విధి ముందు గుమ్మంలోంచి నన్ను వెతుక్కుంటూ వస్తుందని దానికి ఇటుకలు పేర్పించేశాడు. అప్పట్నుంచి అందరం వంటింటి గుమ్మంలోంచే తిరుగుతున్నాం.

పేరు పెట్టి కూడా పిలవలేదు. పులీ అన్నాడు. అదీ తిన్నగా నాకు పెట్టలేదు. ముందు ఒక పిల్లిని తెచ్చి దానికి పెట్టాడు, పైనున్న దేవతలు వింటే పిల్లిని పిలుస్తున్నాడనుకోవాలని. ఆ పిల్లి పోతే ఇంకోటి తెచ్చాడు, ఇప్పుడున్నది తొమ్మిదోది. "పులీ, అన్నానికి రా" అంటే ఇద్దరం వెళ్ళేవాళ్ళం. చేప ముందు దానికే పడేది.

ఇందులో నాకు బాధేమీ లేదు. అలవాటైపోయింది.

ఫిబ్రవరి 13

నాలుగింటికి ఆసుపత్రికి వెళ్ళాను. అకాల వాన. విశేషం ఏమీ లేదు.

ఫిబ్రవరి 14

తెల్లవారుజామున పోయాడు.

నిన్న మామూలుగానే ఉన్నాడు. నీళ్ళు తాగాడు. విశేషం ఏమీ జరగలేదు.

ఫిబ్రవరి 19

నిన్న పూడ్చిపెట్టాం. ఐదు రోజులు ఇంట్లో ఉంచారు, వచ్చినవాళ్ళకి టీలు, వేరుశెనక్కాయలు. బెంగ్ హాక్‌కీ వాడి పెళ్ళానికీ గోనె బట్ట, కొడుకూ కోడలూ కాబట్టి. నాకు బెంగ్ హాక్ పెళ్ళాం ఒక ఎర్ర దారప్పోగు చేతిలో పెట్టింది. పలకరింపుకొచ్చి పోయే బయటివాళ్ళకి ఇస్తారు అది. కళ్ళెత్తి నావంక చూడలేదు.

కార్ఖానాలో పాతవాడు ఒకడు "అదేంటి, ఆమెకి దారమా?" అని గొణిగాడు. నేనే వాణ్ణి ఊరుకోమన్నాను. నాకది తేలికనిపించింది. గోనె బట్ట వేసుకుంటే ఊరంతా నన్ను కూతురిగా చూస్తుంది, ఆఖరి రోజున పక్కనెవరున్నారని అడుగుతుంది. ఎర్ర దారానికి ఆ ప్రశ్నలుండవు.

మార్చి 3

వీలునామా చదివారు. క్యాలెండరు కాగితం వెనక ఆయన చేతిరాత, కింద ఇద్దరు పనివాళ్ళ సాక్షి సంతకాలు. ఇంత ఆస్తిపరుడికి ఒక తెల్లకాగితం కొనడానికి చేతులు రాలేదు.

నాలుగు హోటళ్ళు, కొత్త కార్ఖానా, దుకాణాలు బెంగ్ హాక్‌కి. పాత ఇల్లు, జాడీల దొడ్డి పులికి. అంతే రాసి ఉంది.

"పులి ఎవరు?" అన్నాడు వాళ్ళ లాయరు యో.

అందరూ అటూ ఇటూ చూస్తుండగా పిల్లి గుమ్మంలోకొచ్చి కూర్చుంది. బెంగ్ హాక్ నన్ను చూశాడు, దాన్ని చూశాడు.

"అదే" అన్నాడు.

ఎవరో నవ్వారు. లాయరు యో మాత్రం నవ్వలేదు, రాసుకున్నాడు. పిల్లికి ఇల్లు రాసినవాడికి మతి ఉన్నట్టు కాదు, మతి లేనివాడి కాగితం చెల్లదు, చెల్లకపోతే ఇల్లూ దొడ్డీ అన్నీ కొడుకువే. కాఫీ చల్లారేలోపు ఇదంతా తేల్చేశాడు.

మార్చి 9

బెంగ్ హాక్ ఒక్కడే వచ్చాడు. చక్కెర జబ్బు మనిషి, పెళ్ళానికి తెలీకుండా నా దగ్గర కొబ్బరిపాల బిళ్ళలు తినడానికి వస్తుంటాడు. ఇవాళా రెండు తిన్నాడు.

"అక్కా, నీకు సముద్రం వైపు ఫ్లాటు కొనిస్తా. లిఫ్టుంటుంది. మోకాళ్ళ నొప్పులు కదా నీకు."

"జాడీలు లిఫ్టులో పడతాయా?"

"ఇంకా జాడీలేంటక్కా. స్టీలు ట్యాంకుల్లో మూడు నెలల్లో సాస్ తయారైపోతోంది."

"మనది రెండేళ్ళు మాగుతుంది."

"అదే నేనూ చెప్తున్నా."

దొడ్డి మొత్తం చదును చేయించి అయిదో హోటలు కడతాడట. జాడీలు పగలగొట్టి పునాదుల్లో పోస్తారట, గట్టిదనం కోసం. మామూలుగానే చెప్పాడు, నన్ను ఏడిపించాలని కాదు.

"పులి ఎవరో నీకు తెలీదురా?" అన్నాను.

"తెలుసక్కా. తెలియడం వేరు, కోర్టులో చెప్పడం వేరు. లాయరు నోరెత్తొద్దన్నాడు." వేళ్ళు తుడుచుకుని లేచాడు. "పా రాసిన కాగితం కూడా పా లాగే నీ పేరు చెప్పదు. నేనేం చెయ్యను."

ఏప్రిల్ 5

గోరీలు శుభ్రం చేసే రోజు. కొత్త గోరీ, శుభ్రం చేయడానికేమీ లేదు. నారింజలు పెట్టి, ఊదొత్తులు గుచ్చి, "చెక్, తిను" అన్నాను. ఇప్పుడు ఏ మాటంటే మాత్రం ఏమవుతుంది అనుకున్నాను. నోరు రాలేదు.

ఫిబ్రవరి పదమూడున ఏమీ జరగలేదు. రాసిపెట్టుకున్నాను కదా.

ఏప్రిల్ 28

వాన. మూతలు పెట్టి, అలవాటుకొద్దీ మేడవైపు తలెత్తి నోరు తెరిచాను. మిగతావాళ్ళు కూడా నాతోపాటే తడుస్తూ నిలబడ్డారు. ఇంక లోపలికి పదండని నేనే చెప్పాల్సొచ్చింది.

జూన్ 11

నా లాయరు పొన్నయ్య గారు పిలిపించారు. మెత్తటి మనిషి, బల్లమీద ఎప్పుడూ ఒక డబ్బా మురుకులుంటాయి. ముందు అవి తినమంటారు, తర్వాత చెడ్డ కబురు చెప్తారు.

"పులంటే మీరేనని నేను నమ్ముతానమ్మా. జడ్జిగారు నమ్మాలి. మీరు కూతురైతే పులి పేరుకీ, ఇల్లు రాయడానికీ, ముందు తలుపుకి ఇటుకలు పెట్టడానికీ అన్నిటికీ అర్థం దొరుకుతుంది. కాకపోతే మిగిలేది పిల్లే."

"సోదె మనిషి చెప్పాడు కాబట్టి..."

"ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు. మీ వంటమనిషీ పోయింది. పుట్టుక కాగితం వాళ్ళ వైపు మాట్లాడుతోంది. చెక్ అని పిలిచేదాన్నంటారు. కార్ఖానాలో మూడొందలమంది ఆయన్ని చెక్ అనే పిలిచేవాళ్ళు. వాళ్ళందరికీ ఇళ్ళు రాయాలా అంటాడు యో." మురుకుల డబ్బా నావైపు తోశారు. "ఒక్కసారి, ఎప్పుడైనా, చిన్నప్పుడైనా సరే, నాన్నా అని పిలిచారా?"

"లేదు."

"గుర్తు చేసుకోండి."

"లేదన్నాను కదండీ."

"నోరు జారి?"

మురుకు తిన్నాను. గట్టిగా ఉంది. లేదని మళ్ళీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నన్ను చూశారు.

జులై 20

దొడ్డి కొలవడానికి మనుషులొచ్చారు. తాడు పట్టుకుని జాడీల మధ్య నడిచారు. ఒకడు మూతమీద కాలు పెట్టాడు. చీపురుకట్టతో తరిమాను. ఈ వయసులో నాకిదొకటి.

ఆగస్టు 18

రేపు కోర్టు. ప్రేతాల నెల ఇది, ఈ నెలలో కొత్త పనేదీ మొదలుపెట్టకూడదు. కోర్టుకి ఆ పంచాంగం లేదు.

పిలవలేదంటే జాడీలు పోతాయి. ఔనంటే ఏం పోతుందో నాకే తెలుసు. అలిసిపోయాను. అన్నీ వాడికిచ్చేసి ఆ లిఫ్టు ఫ్లాటులో పడుంటే బాగుండుననిపిస్తోంది. పిల్లి కాళ్ళ మధ్య తిరుగుతోంది. దీనికి ఏ చింతా లేదు, పైగా ఇల్లు దీనికే రాశాడంటున్నారు.

ఆగస్టు 19

సాయంత్రం. ఉన్నదున్నట్టు రాయాలి.

లాయరు యో గంటసేపు అడిగాడు. మా హొకియెన్ మాటల్ని దుబాసీ ఇంగ్లీషులోకి మార్చి జడ్జికి చెప్తున్నాడు. జీతం తీసుకున్నారా? తీసుకున్నాను. వంటింట్లో పడుకునేవారా? వంటింటి పక్క గదిలో. శవం దగ్గర గోనె బట్ట కట్టారా? లేదు, ఎర్ర దారం. ఆ దారాన్ని ఆయన రెండు వేళ్ళతో గాల్లో పట్టుకున్నట్టు చూపించాడు. జడ్జి రాసుకున్నారు.

తర్వాత యో వెళ్ళి బెంగ్ హాక్ పక్కన నిలబడ్డాడు. "ఈయన రోజూ పా అని పిలిచేవాడు. ఊరంతా విన్నది. మీరు ఈ నలభై ఎనిమిదేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన్ని అలా పిలిచారా?"

నా నోట లేదన్న మాట వస్తుందని ఆయనకి ఎంత నమ్మకమంటే, అప్పటికే కూర్చోడానికి వెనక్కి తిరిగాడు.

పొన్నయ్య గారు నావంక చూడలేదు. కాగితాలు సర్దుకుంటున్నారు.

జాడీలు పగలగొట్టి పునాదుల్లో పోయడం గుర్తొచ్చింది. అదొక్కటే కాదు. అబద్ధం మోసి మోసి ఆరు నెలల్లో నా నడుం విరిగింది.

"పిలిచాను" అన్నాను.

యో మళ్ళీ నావైపు తిరిగాడు. "ఎప్పుడు?"

"ఫిబ్రవరి పదమూడు. ఆసుపత్రిలో. నాలుగున్నరకి. మర్నాడు తెల్లారేసరికి ఆయన పోయాడు."

దుబాసీ ఇంకా ఇంగ్లీషులో చెప్పనేలేదు. బెంగ్ హాక్ లేచాడు. వాడి మొహం పాలిపోయింది.

"నువ్వా?" అన్నాడు. "నువ్వు పిలిచావా? వద్దన్నారని తెలిసీ పిలిచావా? నిన్ను ఆ మాట అననీకుండా నలభై ఎనిమిదేళ్ళు కాపాడుకున్నామే ఇంటిల్లిపాదీ. నీ నోట పా అని రావడం వల్లే పోయాడు పా. నువ్వే చంపావ్ ఆయన్ని."

లాయరు యో వాడి చొక్కా పట్టి కిందకి లాగుతున్నాడు. వాడు కూర్చోలేదు. ఏడుస్తున్నాడు.

ఆయనేమన్నారని జడ్జి అడిగారు. వాళ్ళ లాయరు అక్కర్లేదన్నాడు. జడ్జి కావాలన్నారు. దుబాసీ ముసలాయన, మా హొకియెన్‌వాడే. ఒక్క మాట కూడా తగ్గించకుండా మొత్తం చెప్పాడు.

"అర్థం కాలేదు. పని మనిషి పా అని పిలిస్తే ఆయనెందుకు చనిపోతాడు?" అన్నారు జడ్జి.

"ఎవరో పిలిస్తే పోడండి" అన్నాడు దుబాసీ. తను చెప్పకూడదని గుర్తొచ్చి బెంగ్ హాక్‌ని అడిగాడు.

బెంగ్ హాక్ ముక్కు చీదుకున్నాడు. "పని మనిషి పిలిస్తే ఏమవుతుంది? కన్న కూతురు పిలిస్తేనే."

పొన్నయ్య గారు నెమ్మదిగా కాగితాలు కిందపెట్టి, తనకింక ప్రశ్నలేమీ లేవన్నారు.

వీధిలోకొచ్చాక ఆయన "గెలిచామమ్మా, ఇంక తీర్పు రాయడమే" అన్నారు. ఔనన్నాను. చంపావ్ అన్న మాట చెవిలో ఉంది. ఆరు నెలలుగా నాకు నేను అనుకోని పూట లేదు. ఇంకొకరి నోట వింటే మటుకు వేరుగా ఉంది.

ఆగస్టు 24

మధ్యాహ్నం బెంగ్ హాక్ వంటింటి గుమ్మంలోంచి వచ్చాడు. కూర్చోమన్నాను. కేసు వదిలేసుకుంటున్నానని చెప్పాడు. యో తిట్టి పోశాడట. కొబ్బరి బిళ్ళల డబ్బా ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"ఎందుకు పిలిచావక్కా?"

అడిగాడు కాబట్టి చెప్పాను. పదమూడున ఏం జరిగిందో నేనిక్కడ రాసుకోలేదు, వాడికి చెప్పాను. ఆ రోజు అకాల వానొచ్చింది. మంచంలో కళ్ళు మూసుకుని ఉన్నవాడల్లా పెద్ద ఉరుముకి ఉలిక్కిపడి, "జాడీలు" అంటూ సూది మందు గొట్టం పీక్కుని దిగబోయాడు. ఒక కాలు కింద పెట్టేశాడు. "పా, పడిపోతావ్" అని అరిచాను. అనాలని అనలేదు. ఇన్నేళ్ళు లోపల ఎక్కడుందో ఆ మాట, పడిపోతాడనేసరికి బయటికొచ్చేసింది.

"అయితే?" అన్నాడు బెంగ్ హాక్.

"ఆగిపోయాడు. నావైపు తిరిగి చూశాడు."

"తిట్టాడా?"

"లేదు. మళ్ళీ అను, అన్నాడు."

వాడు తల వంచుకున్నాడు.

"నేననలేదురా. భయమేసింది. చెక్, నీళ్ళు తాగు అన్నాను. గ్లాసు పట్టుకుని నావంక చూస్తూ కాసేపున్నాడు. తర్వాత తాగాడు." అప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఈ ఆరు నెలల్లో మొదటిసారి. "అడిగింది ఒక్కటే. అదీ ఇవ్వలేదు నేను."

వాడు డబ్బా మూత తీశాడు, పెట్టాడు.

"ముప్ఫై ఏడేళ్ళు పిలిచాను" అన్నాడు చివరికి. "రోజుకి వందసార్లు పిలిచుంటాను. ఒక్కసారి కూడా మళ్ళీ అను అనలేదక్కా నన్ను."

బిళ్ళ ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాను. తిన్నాడు.

నాలుగింటికి ఉరిమింది. ఆదివారం, దొడ్లో పనివాళ్ళెవరూ లేరు. నేను లేచేలోపు వాడే చెప్పులు వదిలేసి పరుగెత్తాడు, ఆ పొట్టతో, ఆ చక్కెర కాళ్ళతో. అటు చివర్నుంచి వాడు, ఇటు చివర్నుంచి నేను. చిన్నప్పుడు పందెం వేసుకుని మూసేవాళ్ళం. సగం అయ్యేసరికే చినుకులు పెద్దవయ్యాయి. మధ్య వరసలో ఆఖరి జాడీ దగ్గర కలుసుకున్నాం. మూత ఇద్దరం కలిసి పెట్టాం.

వాడు కదల్లేదు. తడిసిపోతూ మేడ కిటికీవైపు చూస్తున్నాడు. వాడికీ అలవాటే కదా.

నేను తలెత్తాను. "పా, మూశాం" అన్నాను, పైకి వినపడేట్టు.

కాసేపు నిలబడి ఇద్దరం లోపలికొచ్చేశాం.